పసిపిల్లల గుండె వైద్యం: వైద్యురాలి కళ్లకు రక్షణ

ప్రశ్న: మా అమ్మాయి పీడియాట్రిక్స్‌లో ఎం.డి. చదువుతోంది. పిల్లల గుండె జబ్బుల్లో డి.ఎం. (ఎం.డి. తరువాతి సూపర్ స్పెషాలిటీ కోర్సు) చేస్తానంటోంది. క్యాథ్‌ల్యాబ్‌లో (రక్తనాళాల గుండా గుండెకు చికిత్స చేసే గదిలో) ఎక్స్‌రేల వల్ల కళ్లలో శుక్లాలు వస్తాయని విన్నాం. వద్దని చెప్పమంటారా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ భయానికి ఆధారం ఉంది, కానీ వద్దని మాత్రం చెప్పకండి.

బిడ్డ గుండెలోని రంధ్రాన్ని తొడ రక్తనాళం గుండా వెళ్లి మూసేటప్పుడు వైద్యులు ఎక్స్‌రే తెర మీదే దారి చూసుకుంటారు. ఆ కిరణాల్లో కొంత భాగం బిడ్డ శరీరాన్ని తాకి చెదిరి, పక్కనున్న వారి కళ్లకు చేరుతుంది. చిన్న శరీరం నుంచి చెదిరేది తక్కువే అయినా, వైద్యులు మరింత దగ్గరగా నిలబడవలసి రావడం, కొన్ని చికిత్సల్లో పక్క నుంచి రెండో ఎక్స్‌రే గొట్టాన్ని కూడా వాడటం వల్ల ఆ వెసులుబాటు చాలావరకు తరిగిపోతుంది. అంతకుముందు అనుకున్నదానికన్నా తక్కువ మోతాదుకే శుక్లాలు వస్తున్నాయని తేలడంతో, అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 2011లో కంటి కటకానికి ఏడాదికి 150 మిల్లీసీవర్టులుగా (మిల్లీసీవర్టు రేడియేషన్ మోతాదుకు కొలమానం) ఉన్న పరిమితిని అయిదేళ్ల సగటున 20కి తగ్గించమని, ఏ ఒక్క ఏడాదిలోనూ 50 దాటనీయవద్దని సిఫారసు చేసింది.

కాబట్టి అమ్మాయి ఆలోచించవలసింది ఈ కోర్సు చేయాలా వద్దా అన్నది కాదు, ఎక్కడ చేయాలన్నది. సీటు ఎంచుకునే ముందు అక్కడ చదువుతున్న సీనియర్లను అడగమనండి: పైకప్పు నుంచి వేలాడే సీసపు అద్దాన్ని పసిపిల్లల కేసుల్లోనూ వాడుతున్నారా, చేతికి అడ్డమని పక్కకు నెడుతున్నారా? సీసపు కళ్లద్దాలు ప్రతి ట్రెయినీకీ ముఖానికి సరిపోయేవి ఇస్తున్నారా? తెర వైపు తల తిప్పినప్పుడు కిరణాలు పక్క సందుల్లోంచి వస్తాయి గనుక పక్కలకూ రక్షణ ఉన్నవే కావాలి. సీసపు ఏప్రాన్ లోపల పెట్టుకున్న టి.ఎల్.డి. బ్యాడ్జి (ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే బిళ్ల) కంటికి తగిలిన మోతాదు చెప్పదు. మెడ దగ్గర, ఏప్రాన్ పైన మరొకటి ఇస్తున్నారా? నా దృష్టిలో, ఈ ప్రశ్నలకు విసుక్కునే విభాగం కన్నా ఓపికగా జవాబిచ్చే విభాగమే మేలు, దాని పేరు కొంచెం చిన్నదైనా సరే.

ఈ వైద్యమంతా క్యాథ్‌ల్యాబ్‌లోనే జరగదు. పిల్లల గుండె పరీక్షల్లో ఎక్కువ భాగం ఎకోతోనే సాగుతుంది, గర్భస్థ శిశువు గుండెనూ దానితోనే చూస్తారు; అది శబ్దతరంగాలతో పనిచేస్తుంది గనుక రేడియేషన్ ఉండదు. చదువయ్యాక అటు మళ్లే వీలూ ఉంది.

డి.ఎం.లో చేరేముందు అమ్మాయి కంటి వైద్యుల దగ్గర స్లిట్ ల్యాంప్ పరీక్ష (కంటి కటకాన్ని సూక్ష్మంగా చూసే పరీక్ష) చేయించుకుని ఆ నివేదికను దాచుకోవాలి. తరువాతి పరీక్షల్లో కటకంలో ఏ చిన్న మార్పు కనిపించినా పోల్చి చూడటానికి అదే ఆధారం.