లడ్డూ పాట డబ్బు రాకముందే ఖర్చు పెట్టేస్తే...

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక ఊరు. మా యూత్‌లో 20 మందిమి ఉన్నాం, కార్యదర్శిని నేను. ఈసారి వినాయక చవితికి చందాలు రూ.1.40 లక్షలు వచ్చాయి, ఖర్చు రూ.2.20 లక్షలు అయింది. తక్కువపడ్డ రూ.80 వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి నా పేరున నోటు రాసి తెచ్చాను. లడ్డూ రూ.1.16 లక్షలు పలికింది కానీ, పాడినాయన వచ్చే చవితికి కడతానన్నారు. ఈ వడ్డీ తప్పించుకోవడానికి లోన్ యాప్‌లో గానీ, అమ్మ నగలు కుదువపెట్టి గానీ అప్పు తీసుకోవచ్చా?

జవాబు: రెండూ వద్దు. ఊరందరి పండగకు మీ అమ్మగారి బంగారం ఎందుకు తాకట్టు పడాలి? లోన్ యాప్ మాటే ఎత్తకండి.

మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. నెలకు రూ.2,400, ఏడాదికి రూ.28,800. లడ్డూ డబ్బు చెప్పిన రోజుకే వచ్చినా అసలు, వడ్డీ పోగా మిగిలేది రూ.7,200. ఆయన మూడు నెలలు జాప్యం చేస్తే అదీ మిగలదు. పైగా నోటు మీద సంతకం మీది. రిజిస్టర్ కాని యూత్ మీద దావా వేయరు, మీ మీదే వేస్తారు.

ఈ వారమే సభ్యులందరినీ కూర్చోబెట్టండి. తలా రూ.4 వేలు చేబదులు ఇస్తే అప్పు మొత్తం తీరిపోతుంది. ఒకేసారి ఇవ్వలేనివాళ్లు రెండు విడతల్లో ఇవ్వొచ్చు. ఎవరెంత ఇచ్చారో పుస్తకంలో రాసి సంతకాలు పెట్టించండి. లడ్డూ డబ్బు రాగానే ముందు వాళ్లవి తిరిగిచ్చేయాలి. ఒక నెల వడ్డీ పోయినా రూ.33,600 మిగులుతాయి. అప్పిచ్చినాయనకు కొంత కొంత కడుతుంటే ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోండి. నోటి మాట చాలదు.

ఇక అసలు జబ్బు. చాలా ఊళ్లలో విగ్రహానికి, టెంటుకు, సౌండుకు అడ్వాన్సులు ముందే ఇచ్చేసి, చందాల పుస్తకం తర్వాత పట్టుకుంటున్నారు. అన్నదానం, నిమజ్జనం బండి ఖర్చులు చివర్లో వచ్చి మీద పడతాయి. అప్పటికి చేతిలో రూపాయి ఉండదు, నిధి అంటూ ఒకటి లేదు కాబట్టి వడ్డీకి పరిగెత్తాల్సి వస్తుంది. యూత్‌కు అత్యవసర నిధి ఉండి తీరాలి. ఈసారి చేతికొచ్చిన చందాల్లో 70 శాతమే వచ్చే ఏడాది ఖర్చుకు పెట్టుకోండి. మీ లెక్కన అది రూ.98 వేలు. విగ్రహం ఎత్తు, సౌండు, లైటింగు అన్నీ అందులోనే సర్దుకోవాలి. మిగతాదీ, లడ్డూ డబ్బూ నిధికే. ఇద్దరి సంతకాలుంటే తప్ప తీయలేని ఖాతాలో వేయండి. వానకు మండపం కూలితేనో, ఎవరికైనా దెబ్బ తగిలితేనో తప్ప ముట్టుకోవద్దు. డీజే కోసం అసలే తీయొద్దు. కనీసం రూ.70 వేలు చేరేదాకా ఆ ఖాతా ఊసెత్తకండి.

వచ్చేసారి లడ్డూ పాటకు సగం అక్కడికక్కడే, మిగతాది 30 రోజుల్లో అని పాట మొదలుపెట్టకముందే మైకులో చెప్పండి. 50 రసీదుల పుస్తకం తీసుకున్న కుర్రాడు రాసినవి, చెడినవి, ఖాళీవి కలిపి 50కి లెక్క అప్పజెప్పాలి. ఫోన్‌పేలో వచ్చే చందాలు మీ సొంత ఖాతాలో కలపకండి. రేపు ఎవరైనా అడిగితే ఆ డబ్బు మీది కాదని చూపించుకోవాల్సింది మీరే. ఏడుగురు సభ్యులుంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీగా రిజిస్టర్ చేసుకోవచ్చు, ఖాతా కూడా యూత్ పేరునే తెరవొచ్చు.

బీమా సంగతి కూడా. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో కరెంటు షాక్‌తో ఐదుగురు చనిపోయారు. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి రూ.20, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు రూ.2 లక్షలు వస్తాయి. 18 ఏళ్లు నిండిన ప్రతి సభ్యుడూ తన బ్యాంకు ఖాతా నుంచి చేరాకే విగ్రహం బండి ఎక్కాలని తీర్మానం చేయండి.

అప్పు తీరి నోటు మీ చేతికి తిరిగొచ్చేదాకా వచ్చే ఏడాది విగ్రహానికి అడ్వాన్సు ఇవ్వకండి.