బ్యాంకు అడగలేదని వరద బీమా మానేశారా?

ప్రశ్న: ఫ్లోరిడాలో టాంపా దగ్గర ఉంటాం. నేను హెచ్1బీ ఉద్యోగ వీసా మీద, నా భార్య హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉన్నాం. పాప ఇక్కడే పుట్టింది. 2024 అక్టోబరులో మిల్టన్ హరికేన్‌కి పైకప్పు దెబ్బతింది. ఇంటి బీమాలో మన వంతుగా పెట్టుకోవాల్సిన డిడక్టిబుల్ 9 వేల డాలర్లు క్రెడిట్ కార్డుతో కట్టాం. అందులో 7 వేలు ఇంకా బాకీ. సేవింగ్స్‌లో 8 వేలున్నాయి. నెల ఖర్చు 6 వేలు. ఇంటిని తాకట్టు పెట్టుకుని హోమ్ ఈక్విటీ లైన్ కింద 80 వేల దాకా అప్పు ఇస్తామంటున్నారు. దాంతో కార్డు బాకీ తీర్చి, మిగతాది అమరావతి దగ్గర ప్లాటు మీద పెట్టొచ్చా? మాది వరద ముప్పు తక్కువని మ్యాపులో చూపే ఎక్స్ జోన్ కాబట్టి బ్యాంకు అడగలేదు, వరద బీమా తీసుకోలేదు.

జవాబు: ప్లాటు సంగతి తర్వాత. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆఖరి వాక్యం. ఇదే మాట మనవాళ్లు చాలామంది అంటారు కాబట్టే మీ ప్రశ్న ఎంచుకున్నాను.

బ్యాంకు అడగకపోవడానికీ మీ ఇంట్లోకి నీళ్లు రాకపోవడానికీ సంబంధం లేదు. బ్యాంకు చూసుకునేది తన అప్పు భద్రత. 2017లో హార్వీ హరికేన్ వచ్చినప్పుడు హ్యూస్టన్‌లో మునిగిన ఇళ్లలో చాలావాటికి వరద జోన్ ముద్రే లేదు, బీమా కూడా లేదు. అంత దూరం ఎందుకు? మిల్టన్ రాత్రి మీ పక్కనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక్క రోజులో 18 అంగుళాలకు పైగా వాన పడింది. అంతకు రెండు వారాల ముందు హెలీన్ హరికేన్ దాదాపు వంద మైళ్ల దూరం నుంచి వెళ్లిపోతూనే టాంపా బే తీరాన్ని ముంచింది.

మీ హోమ్ పాలసీ గాలికి ఎగిరిన పైకప్పుకు, ఆ కంతలోంచి దిగిన వాననీటికి డబ్బిస్తుంది. అదే నీరు వీధిలోంచి గడప దాటి లోపలికొస్తే పైసా ఇవ్వదు. రెండంగుళాలు నిలిచినా చాలు, గోడలకు వాడే డ్రైవాల్ పలక నీటిని పైకి పీల్చేస్తుంది. బూజు పట్టకముందే దాన్ని కోసి తీసేయాలి. ఫ్లోరింగు, కిచెన్ కేబినెట్ల అడుగు భాగం కూడా పోతాయి.

ఇప్పుడు మే మొదటి వారం. ప్రభుత్వ వరద బీమా కొన్న 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. హరికేన్ల సీజను జూన్ 1న మొదలవుతుంది. టీవీలో తుపాను దారి చూశాక కొందామంటే కుదరదు. ప్రీమియం ఈ వారమే సేవింగ్స్‌లోంచి కట్టేయండి. భవనానికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామాన్లకు 1,00,000 వస్తుంది. సామాన్ల కవరు విడిగా అడిగి తీసుకోవాలి, చాలామంది అది మర్చిపోతారు. మీ ఇల్లు తిరిగి కట్టడానికి అంతకంటే ఎక్కువ అవుతుందనుకుంటే ప్రైవేటు కంపెనీల కొటేషన్ కూడా తీసుకోండి.

ఈ ప్రభుత్వ పాలసీ హోటల్ ఖర్చు, అద్దె ఇవ్వదు. ఇల్లు బాగుచేసినన్నాళ్లూ బయట ఉండాల్సింది మీ డబ్బుతోనే. విపత్తుల్లో సాయం చేసే ప్రభుత్వ సంస్థ ఫెమా ఆదుకుంటుందనే ధీమా కూడా వద్దు. హెచ్1బీ వాళ్లకు ఆ నగదు సాయానికి సొంతంగా అర్హత లేదు. పాప అమెరికా పౌరురాలు కాబట్టి ఆమె పేరున దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, వచ్చేది కనీస అవసరాలకే.

అందుకే మీకు అత్యవసర నిధి ఆరు నెలల ఖర్చుతో సరిపోదు. 36 వేలు, దానిపైన పాలసీ డిడక్టిబుల్ 9 వేలు, మొత్తం 45 వేలు ఉండాలి. ఉద్యోగం పోతే వీసా ప్రకారం ఇక్కడ ఉండి వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి మీ చేతిలో ఉండేది 60 రోజుల గడువు. అది సరిగ్గా హరికేన్లు ముమ్మరంగా ఉండే సెప్టెంబరులోనే రావచ్చు. 45 వేలు పెద్ద మొత్తమే, ఏడాదిన్నర పట్టినా పట్టనివ్వండి. రిటైర్మెంటు ఖాతా 401కేలో, మీరు వేసినదానికి కంపెనీ జోడించే మ్యాచ్ వరకే వేసి, మిగతాది ముందు కార్డుకు, అది తీరగానే ఈ నిధికి మళ్లించండి. ఇంట్లో కొన్ని వందల డాలర్లు నోట్లుగానూ పెట్టుకోండి. మిల్టన్ తర్వాత ఫ్లోరిడాలో 30 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కరెంటు లేని బంకులో కార్డు గీయలేరు.

ఇక హోమ్ ఈక్విటీ లైన్. వద్దు. కార్డు అప్పుకు మీ ఇల్లు తాకట్టులో లేదు. దాన్ని తెచ్చి ఇంటి మీదకు ఎక్కిస్తానంటున్నారు. అదీ వరద బీమా లేని ఇంటి మీదకు! ఇల్లు మునిగితే మార్ట్‌గేజూ కట్టాలి, ఈ అప్పూ కట్టాలి, రిపేరూ చేయించాలి. వడ్డీ రేటు మారుతూ ఉంటుంది. ఇంటి విలువ పడిపోతే బ్యాంకు ఆ లైనును ఆపేయగలదు, అంటే సరిగ్గా మీకు అవసరమైన రోజునే అది అందదు. ఎక్కడో ఉన్న ప్లాటును వారంలో అమ్మి పైకప్పు వేయించుకోలేరు కదా. 401కే మీద అప్పూ ఇంతే: ఉద్యోగం మారి గడువులోపు తీర్చకపోతే పన్ను, దానిపైన 10 శాతం జరిమానా పడతాయి. కార్డు బాకీని సున్నా వడ్డీ కార్డుకు మార్చుకోవచ్చు, ఫీజు చూసుకుని.

ప్లాటు గురించి ఆ 45 వేలు నిండాక మళ్లీ రాయండి. ఈలోగా ఫోనుతో గదిగదీ వీడియో తీసి క్లౌడ్‌లో పెట్టండి, ఏసీ, ఫ్రిజ్ సీరియల్ నంబర్లతో సహా. ఏజెంటుకు ఫోన్ చేసినప్పుడు కారు పాలసీలో కాంప్రహెన్సివ్ ఉందో లేదో కూడా అడగండి. మునిగిన కారుకు డబ్బొచ్చేది ఆ కవరు ఉంటేనే.