మిక్సీ ఆగింది, చీర చిరిగింది: బాగు చేయించాలా, కొత్తవి కొనాలా?

ఉద్యోగరీత్యా తిరుపతికి కొత్తగా వచ్చామనీ, మిక్సీ పని చేయడం లేదనీ, పెళ్ళినాటి వెంకటగిరి నూలు చీర కొంగు దగ్గర చిరిగిందనీ రాశారు. బాగు చేయించే డబ్బుకు కొత్తవే వస్తాయని పక్కింటివాళ్ళు అంటున్నారట. నేను తిరుపతిలోనే కొర్లగుంటలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. మా ఇంట్లో ఏ వస్తువు పాడైనా ముందు విప్పి చూస్తాం, పారేసే ఆలోచన ఆ తర్వాతే. ఆ అనుభవంతో చెబుతున్నాను, తొందరపడి రెండింటిలో దేన్నీ వదులుకోకండి.

వస్తువును ఎప్పుడు కొన్నాం, ఎంతకు కొన్నాం అన్నది తర్వాతి మాట. పోయింది ఏ భాగమో ముందు తెలియాలి. మిక్సీలో మోటారు తిరుగుతున్న శబ్దం వస్తూ బ్లేడు కదలకపోతే, జారు కూర్చునే చోట ఉండే కప్లర్ అరిగి ఉంటుంది. జారు బిగుసుకుపోయినప్పుడు మోటారుకు దెబ్బ తగలకుండా ముందుగా అరిగేది అదే. అది చవకగా దొరుకుతుంది, మార్చడం నిమిషాల పని. అసలు శబ్దమే లేకపోతే ప్లగ్గు తీసి, మిక్సీ అడుగున చూడండి. చాలా మిక్సీలకు అక్కడ చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. జారు నిండా గట్టి పిండి వేసినప్పుడు మోటారు కాలిపోకుండా అది బయటికి వచ్చి కరెంటు ఆపేస్తుంది. జారులో కొంత తీసేసి, మోటారు చల్లబడనిచ్చి, బటన్ లోపలికి నొక్కితే చాలాసార్లు అంతటితో సరిపోతుంది. నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తే కార్బన్ బ్రష్షులు అరిగాయనుకోవచ్చు. కమురు వాసన వచ్చి ఆగిపోయిందంటే మాత్రం వైండింగ్, అంటే మోటారులో చుట్టిన తీగ, కాలి ఉండవచ్చు, అది కాస్త పెద్ద ఖర్చు. చుట్టేది రాగి తీగో అల్యూమినియమో ముందే అడిగి, చీటీ మీద రాయించుకోండి. ఈ మాట అడగడానికి వెనకాడవద్దు.

మీరు అడగకపోయినా ఫ్యాను సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తిరుపతి ఎండలు ఇంకా మీరు చూడలేదు. సీలింగ్ ఫ్యాను మెల్లగా తిరుగుతున్నా, చేత్తో తోస్తే తప్ప కదలకపోయినా, ఎక్కువసార్లు పోయేది కెపాసిటరే. చాలా ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్‌ది సరిపోతుంది. అయినా పాతదాని మీద రాసి ఉన్న విలువ చూసే కొనాలి. ఆ చిన్న డబ్బా కోసం మొత్తం ఫ్యానును మార్చేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎలక్ట్రీషియన్ చేతనే మార్పించండి, మెయిన్ ఆపిన తర్వాతే.

ఇక చీర. అది బాగయ్యేదాకా దయచేసి ఉతకవద్దు. వెంకటగిరి నూలు చాలా సన్నం, తడిసి పిండినప్పుడు చిరుగు మరింత సాగుతుంది. చిరుగు వెనక పలుచటి మల్లు గుడ్డ పెట్టి వదులుగా నాలుగు కుట్లు వేసి ఉంచండి. తర్వాత రఫూ, అంటే చిరుగును పోగులతో నేసినట్టు కుట్టడం, చేయించండి, ఓపిక ఉంటే మీరే చేసుకోండి. దారం దుకాణంలో కొనకండి. కొంగు చివర వేలాడే పోగుల్లోంచే ఒకటి రెండు లాగితే రంగూ సన్నదనమూ రెండూ కలుస్తాయి. చిరుగు అంచున కాకుండా, కాస్త అవతల నేత గట్టిగా ఉన్న చోట సూది దించాలి. ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి పోతూ, వరుస చివర దారాన్ని బిగించకుండా కొద్దిగా వదులు ఉంచాలి. లేకపోతే తడిసినప్పుడు ముడుచుకుంటుంది. మా అమ్మ నాకు నేర్పింది ఈ పద్ధతే. ఆమె చీరను గంగమ్మ జాతరకు ఇప్పటికీ కడతాను, మాసిక ఎక్కడుందో చూపిస్తే తప్ప ఎవరికీ తెలియదు.

పట్టు చీరల తీరు వేరు. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంటే ఆ గీత వెంట చిట్లుతాయి. చిట్లడం మొదలైన చీరను రోలింగ్‌కు, అంటే రోలర్ల మీద లాగి ముడతలు తీసే పనికి, ఇవ్వకండి, ఆ లాగుడును అది తట్టుకోలేదు. వెనక అదే రంగు నెట్ వేసి కుట్టమనండి.

ఎక్కడ చేయిస్తారని అడిగారు. ఫాల్, జిగ్‌జాగ్ కుట్టేవాళ్ళను ముందు అడగండి, రఫూ తెలిసిన చేయి ఎవరిదో వాళ్ళకు తెలుస్తుంది. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత వీధుల్లో వెతకడం మొదలుపెట్టండి. బ్యాగు జిప్పు తెగితే జిప్పంతా మార్చనక్కర్లేదు, పళ్ళు బాగుంటే వాటి మీద జరిగే రన్నర్ ఒక్కటే మారుస్తారు.

నేను బాగు చేయించని వస్తువులూ ఉన్నాయి. అడుగు ఉబ్బిన కుక్కర్ అలాంటిది. కుక్కర్ గ్యాస్కెట్ గానీ సేఫ్టీ వాల్వ్ గానీ మార్చవలసి వస్తే అదే కంపెనీ, అదే మోడల్‌కు చెందినది వేయాలి. నీళ్ళు ఇంకిపోయినప్పుడు కరిగిపోయి ప్రాణం కాపాడేది ఆ వాల్వే, దాని స్థానంలో మరేదో బిగిస్తానంటే ఒప్పుకోకండి.

మీ మిక్సీ వారంటీలో ఉంటే బయట విప్పించకండి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ అనే పోర్టల్ ప్రారంభించింది. కంపెనీల వారంటీ, సర్వీసు వివరాలు అందులో చూడవచ్చు. విడిభాగం ఇవ్వకుండా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. మిక్సీ ఆగే ముందు శబ్దం వచ్చిందా, వాసన వచ్చిందా, ఎర్ర బటన్ బయటికి ఉందా అన్నది ఇక్కడే రాయండి. చీర చిరుగు అడ్డంగా ఉందో నిలువుగా ఉందో కూడా చెబితే, రఫూ ఎటువైపు నుంచి మొదలుపెట్టాలో రాస్తాను.