అండ చూసుకునే తగాదాకు దిగుతారు: దోహాలో నేను చూసింది

పెద్ద దేశాల పొత్తులు మారితే ఇరుగుపొరుగు దేశాల తగాదాలు ముదురుతాయా, చల్లబడతాయా అని అడిగారు. నేను పుస్తకాలు చదివి చెప్పే మనిషిని కాను. మాది జగిత్యాల వైపు. 2014 నుంచి ఎనిమిదేళ్లు ఖతర్ రాజధాని దోహాలో ఒక సరుకుల గోడౌన్‌లో స్టోర్ కీపర్‌గా చేశాను. అక్కడ చూసిందే చెప్తాను.

2017 జూన్ 5, రంజాన్ నెల. పొద్దున డ్యూటీకి పోతే సౌదీ నుంచి రావాల్సిన పాల లారీలు లేవు. సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్ట్ ఖతర్‌తో తెగతెంపులు చేసుకున్నాయట. ఖతర్‌కు నేల సరిహద్దు ఉన్నది ఒక్క సౌదీతోనే. తిండి సరుకులో దాదాపు 40 శాతం ఆ దారినే వచ్చేది. సాయంత్రానికి దుకాణాల్లో పాలు, కోడిమాంసం ఖాళీ. మా రూములో ఆరుగురం బియ్యం బస్తాల కోసం పరుగెత్తాం.

ఖతర్ మీద ఆ నాలుగు దేశాల కక్షలు పాతవే: ఖతర్ నడిపే టీవీ చానల్ అల్ జజీరా, ముస్లిం బ్రదర్‌హుడ్ అనే ఇస్లామిక్ రాజకీయ సంస్థకు మద్దతు, ఇరాన్‌తో స్నేహం. 2014లోనూ రాయబారులను వెనక్కి పిలిచారు, కొన్ని నెలలకు సర్దుకున్నారు. మరి ఈసారి అంత తెగింపు ఎక్కడిది? రెండు వారాల ముందే ట్రంప్ రియాద్ వచ్చి వెళ్లాడు. అండ దొరికిందనుకున్నారు. మర్నాడు ఆయన ట్వీట్లు కూడా వాళ్ల పాటే పాడాయి. తమాషా ఏమిటంటే, ఆ ప్రాంతంలో అమెరికాకు అన్నిటికన్నా పెద్ద స్థావరం అల్ ఉదైద్ ఉన్నది ఖతర్‌లోనే!

ఖతర్ వేరే అండ వెతుక్కుంది. రెండు రోజుల్లో టర్కీ పార్లమెంటు సైన్యాన్ని పంపడానికి ఒప్పుకుంది. ఇరాన్ తన ఆకాశం తెరిచింది, కూరగాయలు పంపింది. గోడౌన్‌లో సౌదీ పాల డబ్బాలు ఉండే చోటికి టర్కీవి వచ్చాయి. వాటి మీద పేర్లు అర్థంకాక మూత రంగు చూసి పేర్చేవాళ్లం. ఇరాన్‌కు దూరం చేద్దామని పెట్టిన దిగ్బంధం ఖతర్‌ను ఇరాన్ గుమ్మం ముందే నిలబెట్టింది.

(మేనకోడలి పెళ్లికని యూఏఈలోని షార్జా మీదుగా కొన్న నా చౌక టికెట్ కూడా అప్పుడే పోయింది. ఏజెంటు పైసల కోసం మూడు నెలలు తిప్పాడు.)

నా లెక్కలో అసలు మలుపు 2019 సెప్టెంబరు. అబ్కైక్ చమురు కేంద్రం మీద దాడి జరిగి సౌదీ ఉత్పత్తి కొన్నాళ్లు సగానికి పడిపోయింది. అమెరికా నింద ఇరాన్ మీద వేసిందే గాని, తిరిగి ఒక్క బాంబూ వేయలేదు. అండ మీద నమ్మకం సడలాక సౌదీ పక్కవాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టింది. 2021 జనవరి 5న సౌదీలోని అల్ ఉలాలో ఖతర్‌తో రాజీ. 2023 మార్చిలో చైనా మధ్యవర్తిగా ఇరాన్‌తో కూడా. కారణం అదొక్కటే అనను, కానీ పెద్దది అదే.

అలాగని అండ సడలితే ప్రతిసారీ రాజీ అవుతుందనీ కాదు. 2025 సెప్టెంబరు 9న ఇజ్రాయెల్ దోహా మీదే దాడి చేసింది. అల్ ఉదైద్ ఉండి ఆపిందేమీ లేదు. ఎనిమిది రోజులకు సౌదీ పాకిస్తాన్‌తో రక్షణ ఒప్పందం రాసుకుంది. గల్ఫ్ సంగతి అలా మన సరిహద్దు దాకా వచ్చింది.

దాడి జరిగిన రాత్రి దోహాలో ఉన్న మా తమ్ముని కొడుకు ఫోన్ చేశాడు. "పెద్దబాపూ, బియ్యం ఎన్ని తెచ్చిపెట్టుకోవాలె?" అన్నాడు. రెండు బస్తాలు తెచ్చుకో, పాలపొడి మరువకు అన్నాను.