మూసీలో ఒక ముక్క బాగుచేస్తున్నాం: నీళ్ల పరీక్షలూ నిధులూ ఎలా కలపాలి?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ దిగువన మూసీ మీద ఒక కత్వకు (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టకు) ఎగువన మూడు కిలోమీటర్లు, అందులో కలిసే ఒక నాలా. పూడిక, గుర్రపు డెక్క తీసి, నాలా నోట్లో మురుగును వడకట్టే తుంగ మడులు కట్టాలని ఊరి సంఘం అనుకుంటోంది. డబ్బు ఒక కంపెనీ సీఎస్ఆర్‌ది (సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే నిధిది), పరీక్షలు ఒక కాలేజీవి. ఈ ముగ్గురినీ ఎలా కలపాలి? నమూనాలు తీసే పనీ, ఖర్చుల లెక్క అప్పజెప్పే పనీ రెండూ తెలిసిన అనుభవంతో చెబుతున్నాను.

ముందుగా, కొలతల డబ్బును జేసీబీ డబ్బుతో కలపకండి. ఒకే పద్దులో ఉంటే డీజిల్ పెరిగిన నెల మొదట కోత పడేది ల్యాబ్ బిల్లుకే. మొత్తంలో పదో వంతు వరకు పక్కన పెట్టి, పని మొదలవడానికి ఏడాది ముందు నుంచి, పూర్తయ్యాక కనీసం రెండు వానాకాలాలు గడిచేదాకా సరిపోయేలా లెక్క వేయండి. ముందటి ఏడాది కొలతలు లేకపోతే తర్వాత ఎంత మంచి అంకె వచ్చినా దాన్ని దేనితోనూ పోల్చలేరు.

‘పరీక్షలు ఓవర్‌హెడ్ కిందికి వస్తాయి, 5 శాతం దాటకూడదు’ అని కంపెనీవాళ్లు అనొచ్చు. అది పొరపాటు. సీఎస్ఆర్ నిబంధనల్లో ఆ 5 శాతం పరిమితి కంపెనీ సాధారణ నిర్వహణ ఖర్చుకే. ఫలానా ప్రాజెక్టు రూపకల్పన, అమలు, పర్యవేక్షణ, మూల్యాంకనం మీద నేరుగా పెట్టేది అందులోకి రాదు. బడ్జెట్‌లో ‘నీటి నాణ్యత పర్యవేక్షణ’ అని విడి వరుస రాయించండి. దాంతోపాటు దీన్ని ‘కొనసాగుతున్న ప్రాజెక్టు’గా బోర్డు చేత ఆమోదింపజేయండి. అప్పుడు మొదలైన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్లు నడపవచ్చు. మార్చి 31కి మిగిలిన సొమ్ము ఏప్రిల్ 30లోగా ప్రత్యేక ఖాతాలోకి వెళ్లి మీ పనికే ఉంటుంది. ఇది లేకపోతే కొత్త విడత ఆగస్టుకో సెప్టెంబరుకో వస్తుంది. నది అసలు స్థితి తెలిసేది ఏప్రిల్, మే నెలల్లో; సరిగ్గా అప్పుడే చేతిలో రూపాయి ఉండదు.

అమెరికాలో ఉన్న ఊరివాళ్లు ఇస్తామంటే పాస్‌పోర్టు ఏదో అడగండి. భారత పౌరులు సొంత సంపాదనలోంచి పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లది అవుతుంది, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం అది తీసుకోకూడదు. నమోదున్న ఇంకో సంస్థ ద్వారా మళ్లించడమూ 2020 సవరణ తర్వాత కుదరదు.

ఇక కొలతలు. ఆరు చోట్లు చాలు: పనికి ఎగువన ఒకటి, లోపల రెండు, కత్వకు కాస్త పైన ఒకటి, నాలా నోట్లో ఒకటి, మీరు చెయ్యి పెట్టని ఇంకో కత్వ ఎగువన ఒకటి. నెలకోసారి అంటే ఏడాదికి 72 నమూనాలు. పదింటికొకటి జంట నమూనా (అదే చోట, అదే సమయంలో తీసే రెండో సీసా) కలిపితే సుమారు 80కి ల్యాబ్ ధర మాట్లాడుకోండి. కత్వ కింద మాత్రం తీయకండి. పైన నిలిచిన నీళ్లలో మడ్డి దిగిపోతుంది, దూకేటప్పుడు గాలి కలుస్తుంది, అంకెలు వాటంతటవే బాగుపడతాయి. ఆ ఘనత కత్వది, మీది కాదు. ఆ ఆరో చోటు ఎందుకంటారా? నగరానికి ఎగువనున్న గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల గేట్లు ఎత్తిన వారం నది పొడవునా బీఓడీ (నీళ్లలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్; ఎక్కువుంటే మురుగు ఎక్కువున్నట్టు) పడిపోతుంది. చెయ్యి పెట్టని చోట కూడా పడిపోయిందంటే అది వరద పలుచన చేసిందే.

అందుకే గాఢత ఒక్కటే రాస్తే మోసపోతారు, ప్రవాహం కూడా కొలవాలి. యంత్రం లేకపోతే నారింజ పండు వదలండి. సగానికి పైగా మునిగి తేలుతుంది కాబట్టి గాలికి కొట్టుకుపోదు. తిన్నగా ఉన్న 20 మీటర్లు పోవడానికి పట్టిన సెకన్లు మూడుసార్లు చూసి, సగటు వేగాన్ని 0.85తో, దాన్ని అడ్డుకోత వైశాల్యంతో (నీటి వెడల్పు × సగటు లోతు) గుణించండి. లీటరుకు మిల్లీగ్రాములను రోజుకు మిలియన్ లీటర్లతో గుణిస్తే రోజుకు కిలోలు వస్తాయి. నాలా రోజుకు 10 మిలియన్ లీటర్లు, బీఓడీ లీటరుకు 60 మిల్లీగ్రాములు అయితే రోజుకు 600 కిలోలు. కంపెనీకి మాట ఇవ్వాల్సింది ఈ కిలోలు తగ్గిస్తామనే. స్నానానికి పనికొచ్చే నీళ్లంటే లీటరుకు బీఓడీ 3 మిల్లీగ్రాములు దాటకూడదు, కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. ఎగువ నుంచి నగరం మురుగు వస్తుండగా మూడు కిలోమీటర్లలో అది జరగదు.

ఆక్సిజన్ ఎప్పుడూ ఒకే గంటకు చూడాలి. నాచు వల్ల మధ్యాహ్నం ఎక్కువగా, తెల్లవారుజామున అట్టడుగున ఉంటుంది. సీసాలో బుడగ మిగలకుండా నీళ్లు నింపి, ఆక్సిజన్ పరీక్ష (వింక్లర్ పద్ధతి) రసాయనాలు అక్కడికక్కడే కలపండి: గోధుమ రంగు మడ్డి వస్తే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా వస్తే లేనట్టే. బీఓడీ నమూనా ఐసులో పెట్టి అదే రోజు ల్యాబ్‌కు చేర్చాలి. మన దగ్గర పద్ధతి 27 డిగ్రీల్లో 3 రోజులు; 20 డిగ్రీల్లో 5 రోజుల విదేశీ అంకెలతో కలిపి పట్టిక వేయకండి. సీఓడీ (నీళ్లలోని మలినాన్ని రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) కూడా చేయించండి. ఇళ్ల మురుగులో అది బీఓడీకి సుమారు రెండింతలుంటుంది; నాలుగింతలు దాటితే ఫ్యాక్టరీ నీళ్లు కలుస్తున్నాయని అనుమానించాలి. వాటిని తుంగ మడులు ఆపలేవు. మూడు నెలలకోసారి ఒకే నీళ్లను రెండుగా పంచి కాలేజీకీ, ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబ్‌కూ పంపండి. తేడా ఎక్కువుంటే ఆ నెల అంకెలు వాడకముందే కారణం వెతకండి.

ఒప్పందంలో రెండు వాక్యాలు తప్పనిసరి. విడత డబ్బు కొలతలు పూర్తయినందుకు రావాలి, అంకె తగ్గినందుకు కాదు. లేదంటే నమూనా తీసే చోటు నెమ్మదిగా మంచి నీళ్ల వైపు జరుగుతుంది. రెండోది, ఫలితం ఎలా వచ్చినా 30 రోజుల్లో ముగ్గురికీ చేరాలి. పూడిక కదిపిన మొదటి నెలల్లో నీళ్లు నల్లబడతాయి, వాసన పెరుగుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది. ఈ సంగతి సంతకాలప్పుడే కంపెనీకి రాసివ్వండి. తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది.

అన్నట్టు, నీటిపారుదల శాఖ అనుమతి కాగితం చేతికి రాకముందు పూడిక టెండరు పిలవకండి.