వెనక తలుపు తాళంచెవి ఎవరి జేబులో ఉంది?

ప్రశ్న: మాది విశాఖ, అక్కయ్యపాలెం. వచ్చే నెల హ్యూస్టన్ దగ్గర మా బావగారి ఇండియన్ స్టోర్‌లో చేరుతున్నాను. అక్కడి తెలుగు సంఘంలోనూ పనిచేయాలనుంది. షాపుల్లో, గుళ్లల్లో కాల్పుల వార్తలు చూసి అమ్మ బెంగపెట్టుకుంది. ముందుజాగ్రత్తగా ఏం చేసుకోవాలండీ?

తమ్ముడూ, మాది పెదవాల్తేరు. సంక్రాంతికి వచ్చి ఇంకా ఇక్కడే ఉన్నాను. హ్యూస్టన్ శివార్లలో 2006లో ఒక స్టోర్‌తో మొదలెట్టాను, ఇప్పుడు మూడు. గొప్పకి చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే.

మనకి తుపాన్లు అలవాటు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తీరం దాటకముందే పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు, అమ్మ కొవ్వొత్తులూ పాలపాకెట్లూ తెప్పించి పెట్టుకుంది. తుపాకీవాడికి ముందు ఏ సూచికా ఎగరదు. అమెరికాలో 2000 నుంచి 2013 దాకా జనం మీద జరిగిన 160 కాల్పుల ఘటనల్ని అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పరిశీలిస్తే, ఎంతసేపు సాగిందో తేలినవి 63. వాటిలో 44 అయిదు నిమిషాల్లోపే ముగిశాయి. పోలీసులు వచ్చేదాకా మనవాళ్లకి మన గోడలూ తలుపులే దిక్కు.

నా తలుపు సంగతి విను. మొదటి ఏడాది సరుకు తెగ పోయేది. వెనక తలుపులోంచే పోతోందని గొలుసు చుట్టి తాళం వేశాను. తాళంచెవి నా జేబులో. లోపలినుంచి నెడితే తెరుచుకునే పానిక్ బార్ పెట్టించమని ఒకాయన చెబితే, ఆ డబ్బుతో నాలుగు బస్తాల సోనామసూరి వస్తుందని లెక్కేశాను. పైగా ఆ తలుపుకి అడ్డంగా కందిపప్పు బస్తాలు పేర్చాను.

ఒక ఆదివారం నేను హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్లినప్పుడు, ఒకడు కౌంటర్ దగ్గర అరుస్తూ జాకెట్‌లోంచి తుపాకీ తీశాడట. జనం వెనక్కి పరిగెత్తారు. గొలుసు! మా కౌంటర్ గుంటడు తెలివైనవాడు కాబట్టి అందరినీ వాకిన్ కూలర్‌లోకి, అంటే కూరగాయలు నిలవుంచే చల్లటి గదిలోకి, తోశాడు. బెండకాయల పెట్టెల మధ్య తొమ్మిది మంది, చలికి వణుకుతూ. అంతలో నర్సీపట్నం పిన్నిగారి ఫోన్ మోగింది. రింగ్‌టోన్ సుప్రభాతం. కౌసల్యా సుప్రజా రామా అని ఆ చీకట్లో గొంతెత్తింది. ఆవిడ చెంగులో చుట్టి, పొట్టకి అదుముకుని కూర్చుందట. వాడు గల్లాపెట్టె ఊడ్చుకుని పోయాడు, ఒక్క గుండూ పేలలేదు. దేవుడున్నాడు.

అందుకే నీ మొదటి పాఠం, ఫోన్ సైలెంట్‌లో పెట్టడం. మిగతాది మా హ్యూస్టన్ నగరం వాళ్లే 2012లో వీడియో తీసి ఊరంతా చూపించారు: పరిగెత్తు, దాక్కో, తప్పకపోతే తిరగబడు. బయటపడ్డాక పోలీసులకి 911 కొట్టు. దారి మూసి ఉంచకూడదనే రూల్సూ, తుపాకీలు తేవద్దని టెక్సాస్ చట్టంలోని 30.06, 30.07 సెక్షన్ల కింద పెట్టే బోర్డుల సంగతీ నువ్వే చదువుకో, చదువుకున్నవాడివి కదా.

నేను చెప్పేది డబ్బు సంగతి. ఆ దొంగతనం తర్వాత ఇన్సూరెన్స్ ఏజెంటు దగ్గరికి పోతే, షాపులో ఎవరికైనా దెబ్బ తగిలితే ఆదుకునే నా జనరల్ లయబిలిటీ పాలసీ దాడులకీ కొట్లాటలకీ వర్తించదని చల్లగా చెప్పాడు. సంతకం పెట్టింది నేనే, చదవనిదీ నేనే. బావగారి పాలసీ తెరిచి ఆ పేజీ వెతుకు. టెక్సాస్‌లో ప్రైవేటు యజమాని వర్కర్స్ కాంప్, అంటే పనిలో గాయపడ్డ ఉద్యోగులకి ఇచ్చే ఇన్సూరెన్స్, తీసుకోకపోయినా చట్టం ఊరుకుంటుంది. కానీ తీసుకోనివాడి మీద గాయపడ్డ ఉద్యోగి కోర్టుకెక్కితే యజమానులు మామూలుగా వాడుకునే వాదనలు కొన్ని వాడికి పనికిరావు. మూడు తరాల సంపాదన ఒక్క కేసులో పోతుంది. గొలుసుకి ఫైర్ ఇన్‌స్పెక్టర్ వేసిన జరిమానా ఎంతో ఇక్కడ రాయను, మా ఆవిడ ఇది చదువుతుంది.

సంఘం విషయంలోనూ నా బుద్ధి అదే. ఉగాదికి టికెట్ లేకుండా ఒక్కడు కూడా దూరకూడదని నాలుగు తలుపులకి మూడు మూసేసి, ఒక్క దాని దగ్గర నేనే కూర్చున్నాను. ఆరువందల మంది. మిగిలింది పన్నెండు టికెట్ల డబ్బులు. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. విస్కాన్సిన్ రాష్ట్రం ఓక్ క్రీక్ గురుద్వారాలో 2012 ఆగస్టు 5న ఆదివారం పూట జనం చేరే వేళకే కదా ఒకడు వచ్చి కాల్చింది. నువ్వు నాలుగు తలుపులూ తీయించు, ఒక్కోదానికి ఒక్కో వాలంటీర్‌ని నిలబెట్టు. గుడి కమిటీలో చేరితే కెమెరాలకీ గట్టి తలుపులకీ అమెరికా కేంద్ర ప్రభుత్వ విపత్తుల సంస్థ ఫెమా వాళ్ల గ్రాంటు ఉంది, దరఖాస్తు రాష్ట్రం ద్వారా వెళ్తుంది. అప్పనంగా వచ్చే డబ్బు వదులుకునే కమిటీలు ఎన్ని చూశానో!

ఒక్కచోట మాత్రం బేరమాడకు. గాయం పైన బిగించి రక్తం ఆపే పట్టీలు, టోర్నికేలు, ఆన్‌లైన్‌లో చవగ్గా ఉన్నాయని ఆరు కొన్నాను. రక్తం ఆపడం నేర్పే స్టాప్ ద బ్లీడ్ క్లాసుకి పట్టుకెళ్తే, నేర్పే అమ్మాయి నా చేతికి ఒకటి కట్టి, దాన్ని బిగించే పుల్ల తిప్పింది. మూడో తిప్పుకి పుల్ల పుటుక్కున విరిగింది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, విరిగిన ముక్క నా అరచేతిలో పెట్టింది. అసలైనది ముప్పై డాలర్ల దాకా ఉంటుంది. రెండు కొని కౌంటర్ సొరుగులో పెట్టు, బావగారి దగ్గర బిల్లు వసూలు చేసుకో.

అమ్మగారికి మాత్రం ఈ జవాబంతా చదివి వినిపించకు. నువ్వు దిగిన రోజే, పెట్టెలు విప్పకముందే, ఆ స్టోర్ వెనక్కి వెళ్లి తలుపు ఒకసారి నెట్టి చూడు.