రాకెట్టు పోయింది, మా ప్యానెల్లో ఇంకా లెక్కపెడతానే ఉన్నారు

దూరవిద్య, వర్చువల్ ఫీల్డ్ ట్రిప్పులు (పిల్లల్ని క్లాసులోనే కూర్చోబెట్టి తెరమీద చోట్లు చూపించడం) మామూలు టీచర్లకు అందుబాటులోకి రావాలంటే ఏం చేయాలని అడిగారు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు దగ్గర హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. నాకు జరిగింది చెప్తా.

2023 జులై 14, మధ్యాహ్నం 2:35కి చంద్రయాన్-3 ప్రయోగం. శ్రీహరికోట మాకు గాల్లో కొలిస్తే 60 కిలోమీటర్లు. అయినా బస్సు, పర్మిషన్లు, డబ్బులు అంటే ఎవరు పడతారు? ప్యానెల్లో, అంటే క్లాసులో ఉన్న పెద్ద టచ్ తెరమీద, లైవ్ పెడదామన్నా. నెట్ రాలేదు. నా సెల్లు హాట్‌స్పాట్ పెడితే బొమ్మ వచ్చింది, సౌండ్ రాలేదు. అరవై మంది పిల్లలు నా చేతివైపే చూస్తున్నారు, చెమటలు పట్టాయి. చివరికి పదో తరగతి పిల్లోడు లేచొచ్చి ఏదో నొక్కాడు, పలికింది. తెరమీద కౌంట్‌డౌన్ ఇంకా నడుస్తోంది. ఇంతలో వరండాలోంచి కేక: "సార్, పోతా ఉండాది సార్!" లైవ్ అంటారు గానీ యూట్యూబ్‌లో అర నిమిషం దాకా వెనకబడుతుంది. గది మొత్తం ఖాళీ. దక్షిణాన తెల్లటి గీత.

రెండు నిమిషాల్లో కంటికి ఏమీ మిగల్లేదు. అప్పుడు పిల్లలే వెనక్కి వచ్చారు. పక్కనున్న బూస్టర్లు ఊడిపోవడం, ఎగిరిన 16 నిమిషాలకు చంద్రయాన్ రాకెట్టు నుంచి విడిపోవడం, అవన్నీ ప్యానెల్లోనే చూశాం. కన్ను ఆగిపోయిన చోట తెర పనికొచ్చింది. అంతేగానీ ఊరి చెరువును కూడా వీడియోలో చూపించమంటే నాకు ఒళ్లు మండుతుంది. నడిపించుకుని పోండయ్యా!

టీచర్లకు చేతగాదని ఊరికే అంటారు. మాకున్నది పిల్లల ముందు నవ్వులపాలవుతామన్న భయం. దానికి మందు ఆన్‌లైన్ ట్రైనింగ్ కాదు. ఆ ట్రైనింగుల్లో సగం సేపు "నా మాట వినపడతా ఉందా" అనడమే, మిగతా సగం హాజరు స్క్రీన్‌షాట్. మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపడం మాత్రం ఏ ట్రైనింగూ లేకుండానే నేర్చుకున్నాం.

చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఒక గంట, వాడటం తెలిసిన టీచరు తెలియని టీచరు పక్కన కూర్చుని, ఆ ప్యానెల్ మీదే చేయించాలి. చేసి చూపించడం కాదు, చేయించాలి. పాఠం ముందురోజే దించుకోవాలి. సర్కారు పాఠాల యాప్ దీక్షాలో దించుకున్నవి నెట్ లేకపోయినా ఆడతాయి, పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉండనే ఉంది.

ఆ పిల్లోడు ఇప్పుడు పాలిటెక్నిక్. ప్యానెల్ మొరాయిస్తే ఇప్పటికీ వాడికే ఫోన్ చేస్తా.